కూసున్న నర్సులు

ఒక పొద్దున డ్యూటీకి పోయేసరికి మా వార్డుల నర్సుల టేబుల్ కాడ ఒక్క కుర్చీ గూడ లేకుండె. రంగులేస్తున్నరేమో అనుకున్న. ఊడ్చే ఆయమ్మను అడిగితే, "సూపరింటెండెంట్ మేడమ్ తీయించింది సిస్టర్. ఇగ మీకు కుర్చీలుండయట" అన్నది.

మొఘల్‌పురా దిక్కున్న ప్రైవేటు దవాఖాన మాది. నేను జనరల్ వార్డుల సీనియర్ నర్సును. ఓనరు ఇంట్ల కూసొని కెమెరాలల్ల చూస్తుంటే ఇద్దరు నర్సులు కూసొని కనవడ్డరట. "పేషెంట్ల ముంగట నర్సులు కూసుంటరా?" అని మా నర్సింగ్ సూపరింటెండెంటు మీద ఎగిరిండట. ఆ ఇద్దరిల నేనొకదాన్ని. కేస్ షీట్లు రాసుకుంట కూసున్నం. చేతిల పెన్ను కెమెరాకు కనవడలేదు గావచ్చు.

ఆ దినం నుంచి పొద్దుందాక నిలవడుడే. మందులు గీడికెళ్లి గాడికి మోసుడు, నిలవడే రాసుడు, నిలవడే ఫోన్లు ఎత్తుడు. ఇంటికి పోతే పిక్కలు రాళ్లోలె ఉంటుండె. నా సంగతి సరే, మా వార్డుల జూనియర్ పిల్ల ఒకామె కడుపుతోని ఉన్నది. పురానాపూల్ కెళ్లి వచ్చేది. ఆమె పోయి సూపరింటెండెంటును ఒక్క స్టూల్ అడిగింది.

"కష్టమైతే రిజైన్ చెయ్యమ్మా. డెలివరీ అయినంక చూద్దాం" అన్నదట మేడమ్.

కిటికీ పక్క మంచం మీద షుగరుతోని కాలుకు పుండైన ఒక ముసలమ్మ ఉండె. ఈ పిల్ల వాచిన కాళ్లు చూసి, తన బిడ్డను లేపి స్టూల్ ఇప్పిచ్చింది. "బైఠో బేటీ, తుమ్ భీ ఇన్సాన్ హై" అన్నది, కూసో బిడ్డా, నువ్వు గూడ మనిషివే గద అని. పిల్ల కూసున్నదో లేదో, రౌండ్ల మీద మేడమ్ వచ్చింది. అందరు చూస్తుండంగ లేపి నిలవెట్టింది.

ఆ వారంలనే పిల్ల సెలైన్ స్టాండు పట్టుకొని అట్లనే కిందికి జారింది. స్కానింగ్ చేస్తే దేవుని దయ, లోపల బిడ్డ మంచిగనే ఉన్నది. కండ్లు తెరిచి ఆమె అడిగిన మొదటి మాట, "అక్కా, నా జాబ్ పోతదా?"

బిడ్డ ఎట్లున్నది అని గాదు, జాబ్ పోతదా అని.

తెల్లారి ఇంట్లకెళ్లి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకున్న. మా అత్తమ్మ చూసి ఎందుకని గూడ అడగలే. "నీలంది కాలు విరిగింది, ఎర్రది తీస్కపో" అన్నది. ఛత్రినాకల ఆటో ఎక్కితే, కుర్చీ చూసి ఏడ విందని డ్రైవరు నవ్విండు.

"క్యా బాజీ, కిదర్ దావత్ హై?"

"దావత్ నై భాయ్, డ్యూటీ హై."

వార్డుల టేబుల్ ఎన్కకు కుర్చీ ఏసి, జాబ్ భయానికి తెల్లారే డ్యూటీకొచ్చిన పిల్లను కూసోవెట్టిన. మేడమ్ ఉరికొచ్చింది.

"ఏందిది? బయటి సామాన్లు లోపలికి తేవద్దని తెల్వదా?"

"లోపలి సామాన్లు మీరు తీసేసిన్రు గద మేడమ్" అన్న.

మేనేజరు రూముకు పిలిచిండు. సారీ చెప్పి కుర్చీ తీస్కపో, లేకుంటే రేపటికెళ్లి రావద్దన్నడు. సారీ చెప్పలే. డ్యూటీ దిగంగనే సక్కగ నర్సుల యూనియన్ పెద్దామె ఇంటికి పోయిన. సర్కారు దవాఖానల హెడ్ నర్సుగ చేసి రిటైరైన మనిషి. చెప్పిందంత విని, "ఒక్కదానివి కొట్లాడితే నిన్ను తీసేస్తరు. అందరు కలిస్తే నీతోని మాట్లాడుతరు. పేషెంటుకు మాత్రం సూదిమందు ఒక్క నిమిషం లేటు గావద్దు" అన్నది.

ఆ రాత్రి డ్యూటీ మారే టైముకు మళ్ల పోయి బస్టాపుల, క్యాంటీన్ల, బట్టలు మార్చుకునే కాడ అందరితోని మాట్లాడిన. భయపడ్డోళ్లు ఉన్నరు. "మాకు పిల్లలున్నరు సిస్టర్" అన్నరు. "నాకు గూడ ఉన్నరు" అన్న. తెల్లారి, రావద్దన్నా పోయి చూస్తే ఒకామె మడత స్టూల్ తెచ్చింది, ఒకామె వెదురు మోడా తెచ్చింది, ఒకామె అయితే వంటింట్ల పీటనే తెచ్చింది! పని ఏదీ ఆగలే. రాసేటప్పుడు మాత్రం అందరం కూసున్నం.

పగటీలి పెద్దామె వచ్చి మాతోని మేనేజరు రూముల అడుగువెట్టింది.

"మీరెవరు?" అన్నడాయన.

"వీళ్ల మనిషిని. కడుపుతోని ఉన్న నర్సు కిందవడ్డ సంగతి లేబర్ ఆఫీసుల చెప్పాల్నా, ఈడనే మాట్లాడుకుందామా?"

తలుపు కాడ పేషెంట్ల మనుషులు గుమిగూడిన్రు. ముసలమ్మ బిడ్డ అందరికన్న ముంగట నిలవడ్డది. "హమ్ భీ దేఖే సాబ్, బచ్చీ గిర్ గయీ" అన్నది, పిల్ల పడిపోంగ మేం గూడ చూసినమని. మేనేజరు బయటికి పోయి ఓనరుతోని ఫోన్ల మస్తుసేపు మాట్లాడిండు. వచ్చినంక గొంతు మారింది.

మరుసటి దినం కుర్చీలు వార్డులకు వచ్చినయి. పిల్లను ఓపీల కూసొని చేసే పనికి మార్చిన్రు, కాన్పు అయినంక అదే జాబుల చేర్చుకుంటమని ఒప్పుకున్నరు. ఇప్పుడామె ఆడపిల్ల తల్లి, డ్యూటీల ఉన్నది.

నన్ను మాత్రం ఊకెనే విడువలే. క్యాజువాలిటీకి ఏసిన్రు. అది శిక్ష అని అందరికి తెలుసు. పోయిన మొదటి దినమే చూసిన, ఆడ నర్సులు బట్టలు మార్చుకునే రూముకు లోపల గొళ్లెం లేదు. ఒకరు మార్చుకుంటుంటే ఇంకొకరు బయట తలుపు గుంజి పట్టుకొని నిలవడాలె.

"ఎన్ని దినాలకెళ్లి గిట్ల?" అని అడిగిన.

"మేం వచ్చినకాడికెళ్లి గింతే సిస్టర్" అన్నరు.

"అయితే రేపు చాయ్ టైముకు అందరు క్యాంటీన్ల కలువుండ్రి" అన్న.