గాజులో రాగి చేప

నా భార్య మా మేనమామ కూతురు. సముద్రం ఒడ్డున, యారాడలో పుట్టి పెరిగింది. కాన్వెంటు బడిలో డ్రాయింగు చెప్పేది. నేను ఓడలు బాగుచేసే షెడ్డులో ఎలక్ట్రీషియన్ని. డెబ్భైల చివర్లో, కంచరపాలెం అద్దె ఇంటి పెరట్లో, నిప్పు ఇటుకలు పేర్చి హీటరు తీగ చుట్టి ఆమెకో చిన్న బట్టీ కట్టిచ్చాను.

రెండు కిటికీ అద్దాల మధ్య లోహం పెట్టి కాల్చి, ఒకే పలకగా అతికించాలన్నది ఆమె పట్టుదల. ఇనుప తీగ పెడితే అద్దం చీలింది. ఇత్తడి పెడితే బుడగలు లేచి పాడైంది. పల్చటి రాగిరేకు ఒక్కటే నిలిచింది. ఎర్రగా మెరిసి, అంచుల్లో సముద్రపు రంగు దిగింది. ఆ రోజు ఆమె అన్నం సంగతి మరిచిపోయి దాన్ని ఎండకు పట్టుకు కూర్చుంది.

తర్వాత అదే రాగితో పెద్ద చేప మొదలెట్టింది. రేకును పల్చగా కొట్టి, పొలుసులు ఒక్కొక్కటీ మేకుతో గీసింది. ఈలోగా ఆమె కడుపులో గడ్డ ఉందని తెలిసింది. ఆసుపత్రిలో చేరే ముందురోజు చేపను అద్దాల మధ్య ఇమిడ్చి బట్టీలో పెట్టాం.

"రేపు సాయంత్రం దాకా మూత తియ్యకు బావా. సల్లారకుండా గాలి తగిల్తే పగిలిపోద్ది," అంది.

మర్నాడు పొద్దున్నే ఆమెను చేర్చి, దుప్పటి కోసం ఇంటికొచ్చాను. మధ్యాహ్నం ఆపరేషన్. ఆలోగా చేపను చూపించాలనిపించింది. బట్టీ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉందంతే. మూత తీశాను. చేప నిండుగా మెరుస్తోంది. గుడ్డతో పట్టుకుని ఎత్తబోతుంటే టిక్కుమంది. తోక దగ్గర మొదలైన చీలిక తల దాకా పాకింది.

దుప్పటి మాత్రం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. నా మొహం చూసి అడిగింది.

"పగిలిపోనాదా?"

తలూపాను.

"ఏ కాడ?"

"తోక కాడ."

"అయితే అక్కడ రేకు మందమైపోనాది. తప్పు నాదే బావా. నాను ఇంకా పల్సగా కొట్టాల్సింది."

సాయంత్రం కాకముందే నాకెలా తెలిసిందని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. ఆపరేషన్ అయ్యాక చెబుదామనుకున్నాను. ఆమెకు మళ్లీ తెలివి రాలేదు. మూడో రోజు పోయింది.

ఏడాది తర్వాత, చేప కోసం ఆమె కొట్టి మిగిల్చిన రేకును అదే మందంతో, ఉన్నదున్నట్టే అద్దాల మధ్య పెట్టి కాల్చాను. రెండు రోజులు ఆగి మూత తీశాను. ఎక్కడా పగల్లేదు. నాకు ముందే తెలిసిన సంగతే. అయినా ఆ పలకను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.