డ్యూటీ పైపు

మా పక్కింటి అన్న పోయాడని నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆయన కొడుకు షేర్ ఆటో నడుపుతాడు. మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళ కోసం రోజూ వీధి చివరి దాకా హారన్ కొట్టుకుంటూ పోవడం అతని అలవాటు. ఆ పొద్దున ఆటో దవాఖాన వైపు నుంచి వచ్చి, చప్పుడు చేయకుండా గేటు ముందు ఆగింది. వెనక సీటులో వదినె ఒక్కతే ఉంది. ఒళ్ళో ఆయన చెప్పులు పెట్టుకుంది. దవాఖానకు పోయిన మనిషి చెప్పులు ముందుగా ఇంటికి వస్తే ఇక అడగడానికేమీ ఉండదు. నేను గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆమె నా వైపు చూసి, "ఇగ గోడ కాడికి రాడు" అన్నది.

మా రెండిళ్ళకూ గోడ ఒకటే. ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. వాళ్ళు చర్చికి పోతారు, నేను దేవుడి గూట్లో దీపం పెడతాను. నా భర్త కంపెనీ ఆఫీసులో గుమాస్తా, నేను గని పిల్లలకు తెలుగు చెప్పిన పంతులమ్మను. అన్న భూగర్భ బొగ్గు గనిలో సర్దార్. అంటే షిఫ్టు మనుషుల కంటే ముందు లోపలికి పోయి, గ్యాస్ ఉందో లేదో చూసి, కర్రతో తల మీది బండ కప్పును తట్టి చప్పుడు వినేవాడు. ఖంగుమంటే మనుషులను రానిచ్చేవాడు. డొల్లగా మోగితే ఆపేవాడు. అంతే ఉద్యోగం. ఆ చప్పుడు గురించి ఆయన ఒక్కనాడు అబద్ధం చెప్పినా, మా వీధిలో కొన్ని ఇళ్ళు ఉండేవి కావు.

ఆయన పైపు తాగేవాడు. వీధంతా బీడీలు తాగుతుంటే ఈయన మాత్రం పైపు. కుర్రవాళ్ళు వెనక నుంచి "పైపు దొర వస్తున్నడు" అని నవ్వేవాళ్ళు. ఆయన తిరిగి చూసి, "దొరనే. జీతం ఒక్కటే తక్కువ" అనేవాడు. పొగ తాగడం నాకు కిట్టదు. ఇది చదివి ఎవరికైనా పైపు మీద మనసు పుడితే, చివరి దాకా చదవమని నా మనవి.

గనిలోకి అగ్గిపెట్టె గాని, బీడీ గాని, ఖాళీ పైపు గాని పోకూడదు. దిగేముందు జేబులన్నీ తడిమి చూస్తారు. అందుకని ఆయన తన పైపును లాంపు రూములో ఇచ్చి, టోపీ దీపం తీసుకుని దిగేవాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి పైపు తీసుకునేవాడు. లాంపు రూములో పనిచేసే ఆయన ఈయనకు వరసకు బావ కాదు గాని నోటికి బావ. ఆయనకూ పైపు ఉంది. మంచిర్యాలలో రిటైరైన రైల్వే గార్డు సారుకు ఇంకొకటి. ఆదివారం సాయంత్రం గార్డు సారు గోదావరి దాటి బస్సులో వచ్చేవాడు. ముగ్గురూ గోడకు అటువైపు మంచాల మీద కూర్చునేవాళ్ళు. సికింద్రాబాదు నుంచి డబ్బా పొగాకు దొరికితే సరి, లేకుంటే చుట్ట పొగాకును నలిపి బెల్లం నీళ్ళు చల్లి చాటలో ఆరబోసేవాళ్ళు. ఆ చాట మాత్రం వదినెది. ఆమె దాన్ని మళ్ళీ బియ్యానికి ముట్టలేదు.

ముగ్గురికీ మాట ఒకటే: ఎవరి పైపు గొప్పది. అంగట్లో ఎద్దును నిలబెట్టినట్టు గార్డు సారు ముందుగా తన వంపు పైపును నిలబెట్టేవాడు.

"మెడ చూసిన్రా? గిట్ల వంగితేనే పొగ చల్లగ వస్తది. బ్రేకు డబ్బల బండి ఎంత ఊగినా, ఇది పండ్ల నడుమ నుంచి జారలే."

"నీది కొన్నది సారూ," అనేవాడు లాంపు రూము ఆయన. "నాది నేనే చెక్కిన. గనిల కప్పు కింద నిలబెట్టిన దిమ్మ కర్ర ఇది. బండ మోసిన కర్ర నీ పొగకు పలుగుతదా?"

అదే కర్రతో ఆయన ఇంకొక పైపు చెక్కి మా అన్నకు ఇచ్చాడు. నల్లగా, బరువుగా, ముద్దపప్పులా ఉండేది. కాని అన్నకు ఇష్టమైనది అది కాదు. వాళ్ళ నాయన బెల్లంపల్లిలో ఒక మేనేజరు దొర బంగళాలో వంటవాడు. దొర దేశం పోతూ వంటింటి కిటికీలో ఒక పైపు మరిచిపోయాడు. మరిచాడో, ఇచ్చాడో, ఎవరికీ తెలియదు.

"మా బాపు దీన్ని ఒక్కనాడు తాగలే," అని మొదలుపెట్టేవాడు అన్న. మిగతా ఇద్దరూ వందసార్లు విన్నదే, మళ్ళీ వినేవాళ్ళు. "క్రిస్మస్ పండుగకు తీసి, తుడిచి, మళ్ల పెట్టెల పెట్టేది. గిక్కడ చూడుర్రి, దొర పండ్ల గాట్లు. వాటి పక్కపొంటి నా గాట్లు."

"దొర పండ్లు, నీ పండ్లు ఒక్క కాడ పడ్డయి. సమానత్వం అంటే గదే అన్నా," అనేదాన్ని గోడకు ఇటువైపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

"రాసుకో చెల్లె. రేపు పిల్లలకు పాఠం చెప్పుదువు."

ఆ పైపు కాడ ఒకచోట పగిలింది. గనిలో మందు పేల్చే ఎర్ర, పసుపు తీగ ముక్కతో దాన్ని గట్టిగా చుట్టాడు. దొర చూస్తే మూర్ఛపోయేవాడు. అన్నకు మాత్రం ఆ తీగతోనే దానికి అందం వచ్చింది. పొగాకు నింపే గిన్నెను గోరుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. లోపల కాలి కాలి నల్లటి పెచ్చు కట్టాలట. "పైపుకు లోపట బొగ్గు పట్టాలె, మనిషికి పట్టొద్దు" అనేవాడు. ఇంకొకటి కూడా అనేవాడు: "పైపు పొగ నోటికే చెల్లె, ఛాతికి కాదు. మింగెటోడు తాగుడు రానోడు." రోజుకు ఒక్క గిన్నె, అదీ సాయంత్రం. పొగను నోట్లోనే తిప్పి, రుచి చూసి, తిరిగి ఆకాశానికి ఇచ్చేసేవాడు.

తర్వాత కొడుకు పెద్దవాడయ్యాడు. ఐటీఐ చదివి ఇంట్లో కూర్చున్నాడు. అప్పటికి కంపెనీలో కొత్తవాళ్ళను తీసుకోవడం దాదాపు ఆగిపోయింది. మిగిలిన దారి ఒకటే. తండ్రి ఇక గనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది. బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. మా వీధిలో మాత్రం తండ్రుల రోగాల మీద పెళ్ళిసంబంధాలు నడిచాయి.

కొడుకు అడిగాడు. ఎదుట నిలబడి కాదు, అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ. "అందరి నాయినలు చేస్తున్నరు బాపు" అన్నాడట.

వీధి మొత్తం సలహాలిచ్చింది. ఒకాయన బోర్డు ముందర నిలబడలేనట్టు తూలమన్నాడు. ఇంకొకాయన ముందు రోజు నుంచి అన్నం మానమన్నాడు. దగ్గడం నేర్పుతానని మూడో ఇంటాయన స్వయంగా దగ్గి చూపించాడు. అన్న అంతా విని, సాయంత్రం గోడ దగ్గరికి వచ్చాడు.

"కప్పు మంచిగున్నప్పుడు మంచిగున్నదన్న. లేనప్పుడు లేదన్న. నా ఛాతి మంచిగుండంగ లేదని ఎట్ల అంట చెల్లె?"

"అనకు అన్నా."

"అనాలె. పిల్లగాని బతుకున్నది. అందుకే మంచిగ లేకుండ చేసుకొని, నిజం చెప్త."

నవ్వాలో, గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు. గోడ ఉమ్మడిది కాబట్టి కొట్టుకోలేదు. మాట మాత్రం అన్నాను. "పాస్ కావడానికి నానా పాట్లు పడే పిల్లలను చూసిన గని, ఫెయిల్ కావడానికి గింత చదువు చదివెటోన్ని చూడలే." ఆయన నవ్వాడు గాని మాట వినలేదు.

అన్న తన నాయన పైపును పెట్టెలో పెట్టేశాడు. దిమ్మ కర్ర పైపు బయటికి తీశాడు. "సంతోషానికి వాడిన దాన్ని గీ పనికి పెట్టద్దు. దీనికి డ్యూటీ ఏసిన" అన్నాడు. అప్పటి నుంచి ఆ పైపు పొద్దున, పగలు, సాయంత్రం కాలింది. రుచి లేదు, ఆకాశం లేదు. ప్రతి దమ్మూ లోపలికి లాగి, కళ్ళు మూసుకుని, పట్టి ఉంచేవాడు. పిల్లవాడు చేదు మందు మింగినట్టు మింగేవాడు. కొన్నాళ్ళకు గోడకు ఇటువైపు దగ్గు వినపడింది. నేర్చుకున్న దగ్గు కాదు.

లాంపు రూము ఆయన ఒక ఆదివారం వచ్చి చాలాసేపు చూశాడు. "బావా, నేను గది సంబురానికి చెక్కిచ్చిన. గా కర్ర బండను మోసింది, ఒప్పుకుంట. నీ కొడుకును గూడ మొయ్యమంటున్నవా?" అన్నాడు. ఆ ఆదివారం పైపుల గొప్పలు ఎవరూ చెప్పుకోలేదు. వదినె చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని, మొగుడికి ఆరోగ్యం ఇయ్యమనాలో వద్దనాలో తెలియక, "నీ చిత్తం" అని లేచి వచ్చేదట.

బోర్డు పిలిచింది. పోయి వచ్చి ఆయనే నాకు చెప్పాడు.

"ఒక గొట్టం ఇచ్చి ఊదుమన్నరు. ఊదిన. డాక్టరు సారు నా మొఖం చూసి, 'సర్దార్, నిజంగ ఊదు' అన్నడు. సర్దార్ అన్నంక ఇగ నాకు చేతగాలే చెల్లె. ఉన్నదంత ఊదిన."

"ఏమన్నడు?"

"గీ వయసుల గింత మంచి ఛాతి చూడలేదన్నడు. ఫిట్."

ఆ సాయంత్రం ఆడవాళ్ళు వచ్చి వదినె చుట్టూ గోడకానుకుని కూర్చున్నారు. ఒకరు చాయ్ కాచి పోశారు. ఇంట్లో మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని తేలినందుకు జరిగిన పరామర్శ అది. నేనూ పోయాను. చాయ్ గ్లాసులు కడిగి పెట్టాను. కొడుకు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొన్నాళ్ళకు ఆటో కొన్నారు.

మళ్ళీ బోర్డుకు పోయే వీలు ఆయనకు రాలేదు; ఆలోపే కంపెనీ వారసత్వ ఉద్యోగాలు ఆపేసింది. రిటైరయ్యే దాకా కప్పు తట్టి, నిజమే చెప్పి, ఇంటికి వచ్చాడు. మింగడం మాత్రం ఆగలేదు. ఛాతి ఆ పొగకు అలవాటు పడింది. నోరు పైపు రుచిని మరిచిపోయింది. నాయన పైపును ఒకసారి వెలిగించి చూసి, "గడ్డి కాలినట్టున్నది" అని ఆర్పేశాడట. దాన్ని ఆయన మళ్ళీ వెలిగించలేదు.

గార్డు సారు పోయాడు. లాంపు రూము ఆయన పోయాడు. చెప్పుకోవడానికి మనుషులు లేక, ఖాళీ పైపు పట్టుకుని అన్న గోడ దగ్గరికి వచ్చేవాడు. పొగంటే గిట్టని నాకు పైపు గురించి చెప్పేవాడు. మొదట్లో కథంతా వచ్చేది. పోను పోను ఊపిరి చాలక ముక్కలు వచ్చేవి. "మా బాపు..." అని ఆగేవాడు. "ఒక్కనాడు తాగలే" అని నేను అందించేదాన్ని. "దొర పండ్ల..." అనేవాడు. "గాట్ల పక్కపొంటి నీ గాట్లు" అనేదాన్ని. తల ఊపేవాడు. చివరికి కథంతా నేనే చెప్పేదాన్ని, ఆయన గాట్లున్న చోట వేలు పెట్టి చూపించేవాడు.

దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "ఈ ఊపిరితిత్తులు ఇక పనికిరావు పెద్దాయనా" అన్నాడు. అన్న నవ్వడానికి చూశాడు, దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, "ఇప్పుడా సారూ" అన్నాడు. పాపం, ఆ డాక్టరుకు అర్థం కాలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు మా వీధిలో డప్పులు మోగాయి, రంగులు చల్లుకున్నారు. కొడుకు గులాల్ మొఖంతో లోపలికి ఉరికి వచ్చి, "బాపూ, మన రాష్ట్రం వచ్చింది. వారసత్వ నౌకర్లు మళ్ల ఇస్తరట" అన్నాడు. నేను అక్కడే స్వీటు గిన్నెతో నిలబడి ఉన్నాను. అన్న ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "నీకిప్పుడు ఎన్నేండ్లు బిడ్డా?" అని అడిగాడు. కొడుకు గంప కింది కోడిలా కాసేపు అటూ ఇటూ తిరిగి, ఆటో తీసుకుని బయటికి పోయాడు. ఆ రోజు అన్ని ఆటోలకూ జెండాలున్నాయి, దానికీ ఉంది.

శవపెట్టె మూసేముందు వదినె రెండు పైపులూ తెచ్చింది. వాళ్ళ తాత పైపును కొడుకు తన చేత్తోనే తీసుకుని, తీగ చుట్టు సరిచేసి, తండ్రి కోటు జేబులో పెట్టాడు. రెండోదాన్ని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది వద్దమ్మా. బాపు డ్యూటీ అయిపోయింది. మళ్ల ఎందుకు తోలుతవు?"

వదినె దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, ఎప్పుడూ ఆయన మోచెయ్యి ఆనించే చోట గోడ మీద పెట్టి, స్మశానానికి బయలుదేరినవాళ్ళ వెనక నడిచింది. అది అక్కడే ఉంది. వాళ్ళూ తీయలేదు, నేనూ తీయలేదు. మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్ కాస్టు గనిలో మందు పేల్చినప్పుడు మా కిటికీలు గల్లుమంటాయి, నా వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగులుతాయి, పైపు గోడ మీద వెంట్రుక మందం జరుగుతుంది. తర్వాత దుమ్ము దిగుతుంది. నిన్న దగ్గరికి పోయి చూశాను. అంచుకు ఇంకా కొంచెం ఎడం ఉంది. పైపు గిన్నె నిండా బొగ్గు.