ప్లానింగ్ గదిలో అక్క

మొన్న మా తమ్ముడి కూతురు సెలవుకు వచ్చి, హాల్లో నేలమీద చాప వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఏదో ఆన్‌లైన్ పాఠం వింటోంది. నేను పక్కన కుర్చీలో కూర్చుని గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ యథాలాపంగా అటు చూశాను. తెరమీద ఎడమవైపు పనుల పేర్లు, కుడివైపు నీలంరంగు పట్టీలు, ఒక పట్టీ నుంచి మరో పట్టీకి సన్నటి బాణాలు కనబడేసరికి చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్ల ఒక పట్టీని ముందుకు తేవాలని చూస్తోంది, అదేమో మొరాయిస్తోంది. "దాని ముందు పని ఇంకా అవలా గదమ్మా, అది ముగిస్తేనే ఇది మొదలయ్యేది" అన్నాను. నీకిదెవరు నేర్పారత్తా అని అది నోరు తెరిచింది. ఎవరు నేర్పారో దానికి చెప్పలేదు. ఏదో ఆఫీసులో చూశాలే అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. నడివయసులో కంప్యూటరు ముందు కూర్చుని, మళ్ళీ మొదటినుంచి పని నేర్చుకున్న నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మాది ముత్తుకూరుకు అవతల, ఏరు సముద్రంలో కలిసే చోట, వేట మీద బతికే చిన్న ఊరు. ఆ కలిసే చోటును మేము మొగ అంటాం. ఊళ్ళో పడవలన్నీ ఏట్లో కట్టేసుంటాయి, సముద్రం మీదికి పోవాలంటే మొగ దాటే పోవాలి, వేరే దారి లేదు. మా నాన్న నా చిన్నప్పుడే పోతే మేనమామే అమ్మను తన ఇంటికి తెచ్చుకుని, నన్నూ తమ్ముణ్ణీ పెంచాడు. మామ చదువుకోలేదుగాని ఊరి పెద్దల్లో ఒకడు, తగువు తీర్చడానికి కూర్చున్నాడంటే గొంతు పెంచకుండానే తీర్చి లేచేవాడు. ఆడపిల్లను బస్సెక్కించి నెల్లూరుకు టైపు నేర్చుకోవడానికి పంపిన మొదటి మనిషి మా ఊళ్ళో ఆయనే. ఆ బస్సులో ముందు సగం కాలేజీ పిల్లలు, వెనక సగం చేపల గంపలు. ఏ సగంలో కూర్చోవాలో తెలియక నేను చాలాకాలం నడిమధ్య కడ్డీ పట్టుకుని నిలబడే ప్రయాణం చేశాను. తరవాత నెల్లూరులోనే ఒక బియ్యం మిల్లు ఆఫీసులో టైపిస్టుగా కుదిరి, టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక వాటిమీద బిల్లులు కొడుతూ, పెళ్ళి చేసుకుని ముత్తుకూరులో కాపురం పెట్టి, నలభై దాటాను.

అప్పుడు మా తీరాన కరెంటు ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. ఒకరోజు వాటిని కట్టే ఒక కాంట్రాక్టు కంపెనీ మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఆఫీసులో ప్లానింగ్ విభాగానికి కంప్యూటరు తెలిసిన మనిషి కావాలన్నాడు. ఇంటికి ఆటో దూరంలో ఉద్యోగం, మిల్లులో వచ్చేదానికంటే మంచి జీతం. నన్ను వెతుక్కుంటూ రావడమేమిటని ఒక్కసారైనా అనుకోలేదు. ఎవరో మిల్లువాళ్ళు మంచిగా చెప్పి ఉంటారనుకుని, పొంగిపోయి చేరాను.

ప్లానింగ్ గది అంటే ఇనుప కంటైనర్‌కు కిటికీ కోసి, ఏసీ పెట్టిన డబ్బా. బయట లారీల దుమ్ము, లోపల చలి. అందులో ఉండేది ఇద్దరమే, నేనూ, ప్లానింగ్ ఇంజనీరుగా ఉన్న అక్కా. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. బుచ్చిరెడ్డిపాలెం వైపు వరి పండించే ఇంటి ఆడబిడ్డ, నెల్లూరులో కాపురముండి రోజూ కంపెనీ వ్యానులో వచ్చేది. మొదటిరోజే మేడమ్ అనొద్దంది, అక్కా అని పిలవమంది. పిలిచాను. నాకు సొంత అక్క లేదు, ఆ పిలుపు నోటికి కొత్తగా, తియ్యగా ఉండేది.

ఆ సాఫ్ట్‌వేర్‌ను మొదట చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. వందల వరసలు, ఒకచోట తేదీ మారిస్తే కిందవన్నీ గబగబా జరిగిపోవడం, ఎర్రబడటం, ఏం పాడుచేశానోనని నేను మౌస్ వదిలేసి వెనక్కి జరగడం. అక్క విసుక్కోలేదు. వరి మడి లెక్కన చెప్పింది. నారు పోయడమూ, పొలం దమ్ము చేయడమూ పక్కపక్కనే సాగొచ్చు, నాటు మాత్రం ఆ రెండూ అయ్యాకే. ఏది ఆలస్యమైతే నాటు ఆలస్యమవుతుందో, దానిమీద కన్నేసి ఉంచాలి, ఈ యంత్రం చేసే పని అదేనంది. నాకు మడి సంగతి అంతగా తెలియదు, పడవ సంగతైతే తెలుసు. అందుకని పడవను వేటకు పంపడం అనే ప్లాను వేసి తెచ్చాను. వల బాగుచేయడం, ఐసు తేవడం, డీజిలు పోయడం, మనుషులు కుదరడం, అన్నీ ముగిశాక మొగ దాటడం. అక్క చూసి చప్పట్లు కొట్టింది. నాకొక చిక్కు మిగిలింది. అన్నీ సిద్ధమైనా నీళ్ళు పోటు మీద ఉంటేనే గదా మొగ దాటేది, పోటు మన పనుల కోసం ముందుకూ వెనక్కూ జరగదు గదా అన్నాను. అలాంటి పనిని తేదీకి కట్టేయొచ్చని, అప్పుడు మిగతావి ఎంత జరిగినా అది కదలదని, దాన్ని కన్‌స్ట్రెయింట్ అంటారని అక్క నేర్పింది. నాకా పేరు నోరు తిరగక లంగరు అనేదాన్ని. అక్క కూడా లంగరే అనడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఇద్దరం ఒకే గిన్నెలో కలుపుకుని తినేవాళ్ళం. నా చేపల పులుసు తనకు, తన పప్పుచారు నాకు. కొన్నాళ్ళకు నా పట్టీలు నేనే గీసి, నా బాణాలు నేనే కలిపి, పైవాళ్ళ మీటింగులో చూపించేంత దాన్నయ్యాను. నన్ను ఎవరూ చిన్నచూపు చూడని చోటు ఒకటి దొరికిందని అప్పట్లో మా ఆయనతో చాలాసార్లు అన్నాను.

ఫ్యాక్టరీకి సముద్రపు నీళ్ళు తెచ్చే పెద్ద పైపులు మొగకు అడ్డంగా పోవాలి. అవి వేసినన్నాళ్ళు మొగ పూడ్చాలి, అయ్యాక తవ్వి తెరవాలి. ఊరు ఒప్పుకోలేదు, యంత్రాలను రానివ్వలేదు. అప్పుడు అక్కా నేనూ కూర్చుని ఒక దారి ఆలోచించాం. వేసవిలో సర్కారు వేట నిషేధం పెట్టే రోజుల్లో పడవలు ఎలాగూ ఏట్లోనే ఉంటాయి. పూడ్చడమూ, పైపులూ, తెరవడమూ అంతా ఆ లోపలే ముగించాలి. పైపులు అందకపోతే ఆ ఏడు మొగ జోలికే పోకూడదు, మళ్ళీ వేసవిదాకా ఆగాలి. ఆ పనికి నా చేతులతో నేనే లంగరు వేశాను. అక్క నా భుజం తట్టి, ఊళ్ళోవాళ్ళకు నువ్వే చెప్పు, మేము చెబితే నమ్మరు అంది.

పడవల దగ్గర ఇసుకలో ఊరంతా కూర్చుంటే, మా మామ పక్కన నిలబడి, రంగురంగుల ప్లాను కాగితం పరిచి చెప్పాను. ఒకాయన లేచి, రేపు వాళ్ళు మాట తప్పితే ఎవురు దిక్కు అని అడిగాడు. మామ నావైపు చూశాడు. నేను తల ఊపాను. "మా పిల్ల చెప్తుండాది. ఇంకేం గావాల? యంత్రాల్ని రానీయండి" అన్నాడు మామ. అంతటితో ఊరు లేచి ఇళ్ళకు పోయింది. ఆరోజు నాకు కలిగిన గర్వం ఇంకా గుర్తుంది, అందుకే ఇంకా నొప్పి.

వేసవి వచ్చింది, నిషేధమూ వచ్చింది, పైపులు రాలేదు. ఆ ఏటికి మొగ ముట్టుకోరులే అని నిశ్చింతగా ఉన్నాను. నిషేధం ఇంక ఎత్తేస్తారనగా ఒక పొద్దున ప్లాను తెరిస్తే, మొగ పూడ్చే పట్టీ జరిగి సరిగ్గా వేట మొదలయ్యే రోజుల మీదికొచ్చి కూర్చుంది. లంగరు లేదు. నేనే ఏదో నొక్కి పాడుచేశాననుకుని, భయంతో గబగబా మళ్ళీ వేశాను. మరునాడు చూస్తే మళ్ళీ లేదు.

అక్క టీ తాగుతోంది. తెరను ఆమెవైపు తిప్పాను. ఆమె చూసి, కప్పు కింద పెట్టి, నావైపు చూడకుండానే, "నేనే తీసినా" అంది.

"పొరపాటున తీసినావా అక్కా?"

"లేదు. పైపులు లారీల్లో బయల్దేరినాయి. మళ్ళీ వేసవిదాకా ఆగమంటే పైవోళ్ళు ఒప్పుకోరు. అది నాకు మొదటినించీ తెలుసు."

"మొదటినించీ అంటే? నేను ఊళ్ళో చెప్పకముందు నించా?"

ఆమె కుర్చీ నావైపు జరుపుకుంది. తరవాత చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నిన్ను ఉద్యోగంలోకి ఎందుకు తీసుకున్నారనుకున్నావు? టైపు వచ్చినోళ్ళు ముత్తుకూరులో లేకనా? మీ మామ మాట ఊరు వింటాది, నీ మాట మీ మామ వింటాడు. నీకు పని నేర్పి మనలో కలుపుకోమని నాకు చెప్పినారు. నేర్పినా. నా ఉద్యోగమూ నిలబడాల గదా."

వరి మడి కథ, చప్పట్లు, ఒకే గిన్నెలో కలుపుకున్న అన్నం, అన్నీ ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చి, ఏది నిజమో తేల్చుకోలేక నిలబడిపోయాను. పరాయివాడు మోసం చేస్తే కోపమొస్తుంది. అక్కా అని పిలిచిన మనిషి చేస్తే ముందు సిగ్గొస్తుంది, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

అక్కడినుంచి తిన్నగా ఊరికి పోయి మామకు చెప్పేశాను. ఆయన ఊళ్ళోవాళ్ళను వెంటబెట్టుకుని సైటుకు వచ్చాడు. ప్రాజెక్టు మేనేజరు బయటకొచ్చి, గుంపు మధ్యలో ఉన్న నన్ను చూపించి, ఈ ప్లాను వేసింది మీ ఊరి ఆమే, ఆమెనే అడగండి అన్నాడు. అక్క అతని వెనకే నిలబడి ఉంది. ఒక్కమాట, నేను మార్చాను అనే ఒక్కమాట అంటుందని చూశాను. తల దించుకుంది. గుంపులో తలలు ఒకటొకటిగా నావైపు తిరిగాయి. నేను కాదని అరిచాను. వినేవాళ్ళెవరు? అప్పటికే పోలీసు జీపు గేటు దగ్గరికొచ్చి ఆగింది.

పోలీసుల కాపలాలో మొగ పూడ్చేశారు. నిషేధం ఎత్తేసిన రోజు చుట్టుపక్కల ఊళ్ళ పడవలన్నీ పసుపు కుంకుమలతో సముద్రం మీదికి పోతుంటే, మా పడవలు ఏట్లో ఒకదానికొకటి ఆనుకుని కట్టేసే ఉన్నాయి. మా మగవాళ్ళు పొరుగూళ్ళకు పోయి వేరేవాళ్ళ పడవల్లో కూలికి ఎక్కారు. ఏటికి వరదొచ్చి, పూడ్చిన మట్టిని తానే ఊడ్చుకుపోయేదాకా మొగ తెరుచుకోలేదు.

మామ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఇంటికి పోయి కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెబితే, నిజమేనని నమ్మాడు కూడా. నమ్మి, "నువ్వు చెప్పినావని నేను చెప్పినా గదమ్మా" అన్నాడు. ఆ తరవాత ఆయన తగువులు తీర్చడానికి కూర్చోలేదు. ఎవరైనా పిలవడానికొస్తే, నా మాటకేముందిలే, వేరేవోళ్ళని చూసుకోండి అనేవాడు. పోయేదాకా అంతే.

ఆ ఉద్యోగం అప్పుడే మానేశాను. కొన్నాళ్ళకు అక్క పెద్ద హోదా మీద వేరే ఊరికి పోతూ, నెల్లూరు బస్టాండులో నాకు ఎదురుపడింది. తప్పించుకుపోతుంటే చెయ్యి పట్టుకుంది. "నేను చేసింది తప్పే. నీకు నేర్పింది మాత్రం అబద్ధం కాదు" అంది. చెయ్యి విడిపించుకుని బస్సెక్కాను. కానీ ఆమె చెప్పింది నిజమేనని తరవాత పదేళ్ళు నా బతుకే సాక్ష్యం చెప్పింది. నెల్లూరులో రోడ్లు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర అదే సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే ఇల్లు నడిపాను, తమ్ముడి పిల్లను చదివించాను. ఎవరైనా మెచ్చుకుని, ఇంత బాగా ఎవరు నేర్పారని అడిగితే, నాకు నేనే నేర్చుకున్నానని చెప్పేదాన్ని. ద్రోహం చేసిన చేతినే అన్నం పెట్టిన చెయ్యి అని కూడా అనుకోవాల్సి రావడం కంటే ద్రోహం ఇంకేముంటుంది?

ఇప్పుడు మా తీరం నేను పెరిగిన తీరం కాదు. ఇసుక మేటవేసి మొగ ఉత్తరానికి జరిగిపోయింది. మగపిల్లల్లో చాలామంది ఫ్యాక్టరీ గేట్ల దగ్గర యూనిఫారాలు వేసుకుని నిలబడుతున్నారు. పోటు ఎప్పుడని కాదు, షిఫ్టు ఎప్పుడని అడుగుతున్నారు. అదంతా కాలం తెచ్చిన మార్పు, దానికి నేను బాధపడను. ఈమధ్య మా బంధువులింట్లో పెళ్ళిమాటలకు పోతే, ఇచ్చిపుచ్చుకునేవి మాట్లాడుతుండగా అవతలి పక్క కుర్రాడొకడు ఫోను రికార్డింగులో పెట్టి చాపమీద మధ్యలో ఉంచాడు. ఎవరూ తప్పనుకోలేదు, ఇంకాస్త దగ్గరికి జరిగి స్పష్టంగా మాట్లాడారు. మంచిదే, అలా ఉంటేనే బతకగలరు. నా మటుకు నేను, ఎవరైనా కొత్తవాళ్ళు ఆప్యాయంగా పక్కన కూర్చుని, తిన్నావా అని అడిగితే, తిన్నానని చెప్పేలోపల ఒక్క క్షణం ఆగుతాను, ఈమెకు నాతో ఏం పనిపడిందోనని. మా అమ్మ, తిన్నావా అని ఎవరడిగినా, జవాబు చెప్పడానికి ఎప్పుడూ ఆగలేదు.