డ్యూటీ దిగాక అమలమ్మ పనులు

విజయవాడ వన్ టౌన్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు అమలమ్మ. డ్యూటీ దిగాక ఊరికే కూర్చుంటే కదా! వీధిలో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది, చర్చి కాయిర్‌లో పాడేది, అవి చాలనట్టు తెగిన మనుషుల్ని కూడా కుట్టేది. తొంభైల్లో ఆ పేటలో కత్తుల గోల అంతా ఇంతా కాదు. మా వర్గమంటే మా వర్గమని కుర్రవెధవలు నరుక్కునేవాళ్ళు. ఆసుపత్రికి వెళితే పోలీసు కేసు. అందుకని గాయానికి లుంగీ చుట్టుకుని సరాసరి ఆవిడ వంటగదిలోకొచ్చి పడేవాళ్ళు.

"మనిషివా, మిషనువా? మూడిట్లో ఒకటి మానెయ్," అనేవాడు మొగుడు తిరుపతిరావు, గచ్చు మీద నెత్తురు కడుగుతూ.

ఆవిడ మానేసింది. దేన్ననుకున్నారు? పాటని! పాడితే ఎవరికేం ఒరిగిందట? అదే ఒక చెయ్యి కుడితే, పేట పేటని వణికించే రౌడీ "మీరు లేకపోతే పోయేవాణ్ణండీ" అని చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆ దండాల రుచి మరిగింది మహాతల్లి.

"ఏంటక్కా, ఈమధ్య పాట వినపడట్లేదు?" అని ముస్తాక్ ఒక్కడే అడిగాడు. రోజూ ఆవిణ్ణి డ్యూటీలో దింపే ఆటో అతను. ఆవిడ వెనక సీట్లో కూనిరాగం తీస్తుంటే హారన్ కూడా కొట్టేవాడు కాదు.

ఓ సాయంత్రం బాలశౌరి వచ్చాడు. ఆవిడ చర్చి వాడే, పిన్నీ అని పిలుస్తాడు. కుడి చెయ్యి మోచేతి కింద ఎముక కనపడేలా చీలిపోయింది. కుదురుగా, జాకెట్టు అంచు కుట్టినంత ముచ్చటగా కుట్టింది.

"వారం దాకా ఈ చెయ్యెత్తావో, తోలు తీస్తాను. కుట్లు తెగుతాయి."

"నీ మాట దాటుతానా పిన్నీ!"

వారం తిరక్కుండానే ఓ మధ్యాహ్నం థియేటర్‌లోకి స్ట్రెచర్ వచ్చింది. మీద ముస్తాక్. అతని ఆటో ఎక్కిన వాణ్ణెవణ్ణో నరకబోతే అడ్డం వెళ్ళాడట. మెడ నుంచి భుజం దాకా ఒకటే వేటు. అమలమ్మ రెండు చేతులతో అదిమి పట్టింది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు తన్నుకొచ్చింది. "అక్కా" అన్నాడు. అంతే, పోయాడు.

ఇంటికొచ్చేసరికి వంటగదిలో బాలశౌరి కూర్చుని ఉన్నాడు. కట్టంతా ఎరుపు.

"కుట్లు ఊడాయి పిన్నీ. మళ్ళీ వేసెయ్."

కట్టు విప్పింది. వేసిన కుట్లన్నీ చర్మాన్ని చీల్చుకుని తెగిపోయున్నాయి.

"ఏం పని చేశావురా ఈ చేత్తో?"

వాడు గోడవైపు చూశాడు. "ఆ ఆటోవాడు అడ్డొచ్చాడు. నేనేం చెయ్యను?"

అమలమ్మ చేతిలోని స్టీలు ట్రేతో వాడి ముఖం పగలగొట్టింది. కత్తెర్లు, సూదులు ఎగిరిపడ్డాయి. పళ్ళు రాలిన నోటితోనే వాడు ఎడం చేత్తో కత్తి తీసి ఆవిడ గొంతుకి ఆనించాడు.

"కుడతావా, చస్తావా?"

"చంపరా! ఆ చెయ్యి బాగుచేసింది నేనేగా!"

చప్పుడుకి పక్క గదిలోంచి వచ్చిన తిరుపతిరావు రోకలి తీసుకుని వాడి మోకాలి మీద ఒక్కటిచ్చాడు. ఆ కేకకి వీధి మొదట్లోని ఆటో స్టాండు స్టాండంతా లోపలికి విరుచుకుపడింది. అంతా ముస్తాక్‌తో కలిసి టీ తాగినవాళ్ళే, అతన్ని నరికిందెవడో తెలిసినవాళ్ళే. కాళ్ళతో కుమ్ముతుంటే వాడి పక్కటెముకలు విరిగిన చప్పుడు వినపడింది.

అమలమ్మ వాడి మీద అడ్డం పడింది. "ఆగండ్రా! వీణ్ణి చంపితే రేపు మీ ఇళ్ళ మీదకొస్తారు. ఇంక ఎవణ్ణీ కుట్టే ఓపిక నాకు లేదు!"

జాకెట్టు గుడ్డ చింపి వాడి చేతికి బిగించి కట్టి, ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ డాక్టరు ఆ చెయ్యి తిప్పి చూశాడు. "ఈ పాత కుట్లు ఎవరు వేశారు?" పక్కనే కానిస్టేబుల్ పెన్ను తీశాడు.

బాలశౌరి వాచిన నోటితో, "గుర్తులేదండీ," అన్నాడు. అంత దెబ్బ తిని కూడా పిన్నిని దాచాడు వెధవ! ఆవిడ మారుమాట్లాడకుండా ఇంటికెళ్ళిపోవచ్చు.

"నేనేనండీ," అంది అమలమ్మ. "రాసుకోండి."

ఉద్యోగం పోయింది. కోర్టుల చుట్టూ తిరిగింది. జాకెట్లే కూడు పెట్టాయి. ముస్తాక్ పోయాక వచ్చిన మొదటి ఆదివారమే చర్చికెళ్ళి కాయిర్ వెనక వరసలో నిలబడింది. పక్కామె కూర్చోమన్నా కూర్చోలేదు. కాసేపటికి, ఆటోలో తీసినట్టే, సన్నగా కూనిరాగం తీసింది.