పైన ఎరుపు, కింద తెలుపు

నాలుగేళ్లుగా నేను ఒక టిక్కు గుర్తును మోస్తున్నాను. పెన్సిల్‌తో వేసింది. అరంగుళం కూడా ఉండదు. అది వేసిన కాగితం ఎప్పుడో పోయింది, గుర్తు మాత్రం పోలేదు. చెప్పుకోవడానికి మనుషులు లేక కాదు. ఇప్పుడు నేనుండే గదిలో నలుగురం ఉంటాం. చెబితే "ఇంతేనా?" అంటారని భయం. అలా అనిపించుకున్నాక ఇక దీన్ని మోసే హక్కు కూడా నాకు ఉండదనిపిస్తుంది. మీరు నన్ను ఎరగరు. నా పేరు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మొదట వివరాలు. వరుసగా చెప్పడమే నాకు అలవాటు. సివిల్‌లో డిప్లొమా చేసి ఇరవై మూడేళ్లకు దుబాయ్ వచ్చాను. సముద్రపు నీటిని ఊళ్ళోకి తెచ్చే కాలువ ఒకటి కొత్తగా తవ్వుతున్నారు. గట్ల మీద టవర్లు లేస్తున్నాయి. తవ్విన చోట లోతు ఎంత వచ్చిందో రోజూ కొలిచి రాయడం నా పని. దానికి ఒక పాత చెక్క పడవ. నలభై రెండు అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. లోపల పడుకోవడానికి రెండు బల్లలు, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, లోతు కొలిచే యంత్రం. యంత్రం ఖరీదైనది, దాన్ని ఒక్క పూట కూడా వదిలి వెళ్ళకూడదని ముదీర్, అంటే మా మేనేజరు, ఆర్డరు. అందుకని పడవే మాకు ఇల్లయింది. మాకు అంటే నాకు, పడవ నడిపే మస్తాన్ అన్నకు.

ఆయనది నెల్లూరు వైపు సముద్రం పక్క ఊరు. వయసు నలభై ఎనిమిది, చదువు అయిదో తరగతి. ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో నేను లెక్కవేసే లోపల ఆయన వేలితో ఒకసారి తట్టి "గురువారం దాకా వస్తాయి" అనేవాడు. వచ్చేవి. తాడు ఎక్కడ కట్టాలో, అలలు ఎప్పుడు పెరుగుతాయో, ఏదీ రాసుకునేవాడు కాదు. గోడకు అంటించిన నా జాబితాలు చూసి నవ్వేవాడు.

"ఏందబ్బయ్యా ఇదంతా? తుమ్మేది గూడా రాసి పెట్టుకుంటావా?"

"ఎన్నిసార్లు తుమ్మిన్నో గూడ రాస్తనన్నా."

"రాయి, రాయి. రేపు ఆ కాగితం పోతే తుమ్ము రాదు నీకు."

పొద్దున కాలువ ఈ కొస నుంచి ఆ కొసకు, మధ్యాహ్నం మళ్ళీ వెనక్కు. సాయంత్రం అయిదింటికి బస్సులు వచ్చి పనివాళ్ళందరినీ సోనాపూర్ క్యాంపులకు తీసుకుపోయేవి. క్రేన్లు ఆగిపోయేవి. ఆ తర్వాత అంత పొడవు నీళ్ళ మీద మేమిద్దరమే.

ఆ చలికాలంలో ఆయన సెలవు మీద ఇంటికి వెళ్ళాడు. ఇరవై రెండు రోజులు. బదులుగా వచ్చిన డ్రైవరు పని కాగానే అందరితో పాటు బస్సెక్కేవాడు. ఒక గొంతు వినపడితే చాలని నేను కొలతలు పైకి చదవడం మొదలుపెట్టాను. నాలుగు పాయింట్ ఆరు. నాలుగు పాయింట్ ఆరు. నాలుగు పాయింట్ అయిదు. పదమూడో రోజున చూసుకుంటే ఇద్దరికి సరిపడా అన్నం వండి ఉన్నాను. ఒక గదిలో పన్నెండు మంది పడుకునే సోనాపూర్ వాళ్ళు నాకు సొంత పడవ ఉందని, అదృష్టవంతుణ్ణని అనేవారు. వాళ్ళకు ఏమని చెప్పాలి?

అన్న తిరిగి వచ్చాడు. వేసవి మొదలయ్యాక ఒకరోజు సంతోషంగా ఒక మాట చెప్పాడు. ఊరి మధ్య సముద్రపు పాయ, క్రీక్‌లో జనాన్ని దాటించే పెద్ద పడవకు మనిషి కావాలట. లైసెన్సు తెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం. ఆయన తమ్ముడు ఖాజా దుబాయ్‌లోనే నైఫ్ బజారులో దర్జీ. తన గదిలో అన్న కోసం ఒక మంచం ఆపి ఉంచాడు.

"పదకొండేళ్లుగా ఒకే ఊళ్ళో ఉండాం అబ్బయ్యా. వాడూ నేనూ కలిసి తిన్న పూటలు వేళ్ళ మీద లెక్కబెట్టచ్చు. లైసెన్సొస్తే రోజూ ఒకే పళ్ళెం."

లైసెన్సుకు పరీక్ష ఉంది. రాసేది కాదు, హిందీలో అడుగుతారు, హిందీలో చెప్పాలి. ఏ పడవ ఏ రంగు దీపాలు పెట్టుకుంటుందో అడుగుతారు. మిగతా వాటిలో ఒకటీ అరా పోయినా పర్వాలేదు, దీపాల్లో మాత్రం ఒక్క తప్పు చెప్పినా ఫెయిల్. "నువ్వే నేర్పాల. నీ జాబితాల పిచ్చి ఇప్పటికన్నా ఒకరికి పనికి రానీ" అన్నాడు.

నేర్పాను. బాగా నేర్పాను, ఇది కూడా చెప్పాలి. ముప్పై ఒక్క ప్రశ్నలు రాశాను. సీసా మూతలకు ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులు పూశాను. వేసవిలో మధ్యాహ్నం రెండున్నర గంటల పాటు సైట్లో పని ఆపేవారు. ఆ వేళ టార్పాలిన్ నీడలో మూతలను ఒకదాని కింద ఒకటి పేర్చి అడిగేవాణ్ణి. ఆయన చెప్పేవాడు. రైటయితే టిక్కు, తప్పయితే సున్నా. సున్నా పడిన ప్రశ్నను ఆయన మర్నాటికి సరిచేసుకునేవాడు. నా టిక్కు మీద ఆయనకు అంత గురి.

పదో రోజుకు ఒక్కటే మిగిలింది. పైన ఎరుపు, కింద తెలుపు ఉంటే చేపలు పట్టే పడవ. పైన తెలుపు, కింద ఎరుపు ఉంటే పెద్ద ఓడలకు దారి చూపే పైలట్ పడవ. మా కాలువలో ఆ రెండూ తిరగవు. "మా ఊళ్ళో వలేసేటోళ్ళు లాంతరు పెట్టుకుంటేనే గొప్ప, ఈ రంగులన్నీ ఎవురికి తెలుసు?" అని విసుక్కునేవాడు.

ఆ మధ్యాహ్నం నేను ఎర్ర మూత పైన, తెల్ల మూత కింద పెట్టాను. ఖాజా ఆ మంచానికి కొత్త దుప్పటి కొన్నాడని అన్న అప్పుడే చెప్పాడు. చెబుతూనే మూతల వైపు చూసి "పైలట్ పడవ" అన్నాడు. నా ముఖం వైపు చూశాడు.

టిక్కు పెట్టాను.

చెయ్యి దానంతటదే వేసిందని రాయాలని ఉంది. అది అబద్ధం. ఒక కామా తప్పుగా పడినా కాగితం మార్చి రాసే మనిషిని నేను. నాకు తెలుసు. తెలిసి వేశాను. ఆ క్షణంలో నా కళ్ళ ముందు ఉన్నది మస్తాన్ అన్న కాదు, ఆయన తమ్ముడూ కాదు, నేను వండిన ఆ రెండో మనిషి అన్నం. పరీక్షకు ఇంకా నాలుగు రోజులున్నాయి, రేపు సరిచేద్దాంలే అనుకున్నాను. మర్నాడూ టిక్కే పెట్టాను. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజుకు ఆయన తడుముకోవడం మానేశాడు. గట్టిగా, ధైర్యంగా తప్పు చెప్పేవాడు. ఆయన ఫెయిల్ కావాలని కోరుకున్నానా? ఆ ప్రశ్న అడగకపోవచ్చని కూడా అనుకున్నాను. రెండూ నిజమే. రెండూ ఒకే తలలో ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పరీక్ష రోజు సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చాడు. చెప్పులు విప్పి, నీళ్ళు తాగి, బల్ల మీద కూర్చున్నాడు.

"అన్నీ చెప్పినాబ్బయ్యా. ఆ ఒక్కటే. పైన ఎరుపు, కింద తెలుపు. తప్పన్నాడు, ఖలాస్ అన్నాడు. ఆడికి పోయినాక నోట్లో తిరగబడి వచ్చినట్టుండాది. ఈడ రైటే చెప్పేవాణ్ణి గదా?"

అప్పటికి ఇంకా తోవ ఉంది. ఆయన ఆ తోవను అడిగి మరీ తెరిచి పెట్టాడు. లేదన్నా, తప్పు నాది అనడానికి ఎంతసేపు పడుతుంది?

"ఇక్కడ రైటే చెప్పినవన్నా" అన్నాను.

టిక్కు కంటే ఈ మాట పెద్ద నేరమని నాకు తర్వాత తెలిసింది. టిక్కు వల్ల పోయింది ఒక పరీక్ష. ఆరు నెలలాగి మళ్ళీ వెళ్ళవచ్చు. ఈ మాటతో ఆయనకు తన తల మీద నమ్మకం పోయింది. నేర్చుకున్నది పది నిమిషాల్లో తిరగబడిపోయే బుర్ర తనదని నమ్మాడు. వారం తిరక్కుండానే నన్ను అడగడం మొదలుపెట్టాడు. "తాడు కట్టినానా అబ్బయ్యా? ఓ తూరి చూడు." "గ్యాసు ఆపినానా?" కట్టే ఉండేది. ఆపే ఉండేవాడు. ట్యాంకును తట్టడం మానేసి, నా లెక్క ఎంతయిందని అడిగేవాడు. ఇంజన్ ఆపే వరుసను నాతో కాగితం మీద రాయించుకున్నాడు. ఆ జాబితా నేనే గోడకు అంటించాను. మళ్ళీ పరీక్షకు వెళ్దామంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. "వొద్దులే. మతిమరుపు ముసలోడికి జనాన్ని అప్పజెప్తారా?" నైఫ్‌లో మంచం ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. ఖాజా దాన్ని వేరేవాళ్ళకు ఇచ్చేశాడు.

నేను కోరుకున్నది నాకు దొరికింది. తోడు. ఎదురుగా కూర్చుని మౌనంగా తినేవాడు. నాకు అంతకుముందు కంటే ఎక్కువ ఒంటరిగా ఉండేది.

నాలుగు నెలల తర్వాత నాకు అబుదాబిలో, ఐకాడ్ ఫ్యాక్టరీల దగ్గర ఆఫీసు పని వచ్చింది. గట్టి నేల మీద గది, గదిలో మనుషులు. ఆలోచించుకోవడానికి వారం ఇచ్చారు. నేను అదే రోజు సరే అన్నాను. పెట్టె గట్టు మీదికి మోసింది అన్నే. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికొచ్చి "అన్నీ సర్దుకున్నావా? నన్నడగబాక, నాకు గుర్తుండదు" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది. లేదు.

పోయినేడు నైఫ్ వెళ్ళాను. చెప్పేస్తానని వెళ్ళాను. ఖాజా దుకాణం దొరికింది. మస్తాన్ ఎక్కడని అడిగాను. "అన్న ఇంటికి పోయినాడు భాయ్, కాలువ పని అయిపోయినాక. పడవ ఎక్కమంటే ఎక్కడు. మతిమరుపు జబ్బంటాడు. డాక్టరు ఏం లేదంటాడు, ఈయన వినడు" అన్నాడు. తర్వాత తలెత్తి "మీరెవరు?" అన్నాడు.

ప్యాంటు పొడవు తగ్గించాలని చెప్పాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నా కాలి దగ్గర టేపు పట్టి కొలిచాడు. నిలబడి కొలిపించుకున్నాను. మళ్ళీ ఆ సందులోకి వెళ్ళలేదు.

ఆ రోజు ఖాజాకు చెప్పాల్సింది ఇది: మీ అన్న బుర్రకు ఏమీ కాలేదు. ఆయన నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చెప్పాడు. తప్పని తెలిసీ రైటన్నది నేను. ఆయన పోతే ఒక్కణ్ణే ఉండాల్సి వస్తుందని అలా అన్నాను.

నాలుగు వాక్యాలు. ఏడాదికొకటి చొప్పున పట్టింది. వీటిని తీసుకుని నైఫ్ వెళ్తానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీరు చూశారు కదా. రాయడం మాత్రం రాశాను, ఒక మనిషి చదివాడు. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడటం న్యాయం కాదని తెలుసు. అయినా ఆడుతోంది.