నొప్పి వేరు, గోస వేరు

నా తలనొప్పి ముందు కండ్లల్లో మొదలవుతుంది. మిషన్ మీద జాకెట్ కుడుతుంటే సూది పక్కన చిన్న మచ్చ కనిపిస్తుంది. చూస్తుండగానే ఆ మచ్చ పెద్దదై, దాని అంచు ఎండలో ఊగే జరీలాగ వంకర టింకరగా మెరుస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం సగం మాయమవుతుంది. నిజం చెప్పాలంటే అది అందంగానే ఉంటుంది. ఆ మెరుపు ఆరిపోయాక ఎడమ కన్ను వెనక నుంచి నొప్పి లేస్తుంది. ఇగ వాంతులు. వెలుతురు పడదు. పక్కింట్లో మిక్సీ తిరిగినా తలలో మేకు దిగినట్టే.

పుట్టిల్లు బీర్కూర్. అమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది, నెత్తి చుట్టూ గుడ్డ బిగించి కట్టేది. పెండ్లయి బాన్సువాడకు వచ్చాక నిజామాబాద్ దవాఖానలో చూపించుకున్నాం. స్కాన్‌లో ఏమీ లేదు. మైగ్రేన్ అన్నాడు డాక్టర్, ప్రాణానికి ఫికర్ లేదన్నాడు. గోలీలు రాసిచ్చి, మరీ ఎక్కువ వాడితే వాటితోనే నొప్పి వస్తుందని కూడా చెప్పాడు. గోలీ కొన్నిసార్లు పనిచేసేది, కొన్నిసార్లు చేసేది కాదు.

అయితే నొప్పి వచ్చిన రోజుల కంటే రాని రోజులే నాకు కష్టంగా ఉండేవి. రేపు వస్తుందేమో అన్న భయం. పెండ్లిళ్లకు పోవడం మానేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం మానేశాను. నొప్పి వచ్చినప్పుడు మా ఆయన తలుపు దగ్గర నిలబడి అడిగేవాడు, "తగ్గిందా?" కాసేపాగి మళ్లీ, "ఇప్పుడన్న తగ్గిందా?" ఆయన నాకు మేనబావ. కోటగిరి రోడ్డు మీద షేర్ ఆటో నడుపుతాడు. మెత్తని మనిషి. ప్రేమతోనే అడిగేవాడు. కానీ తగ్గలేదని చెప్పిన ప్రతిసారీ నేనేదో పరీక్ష తప్పినట్టు ఉండేది నాకు.

ఒకసారి కోటగిరి అవతల చుట్టాలింట్లో పసిబిడ్డ తొట్టెల ఫంక్షన్‌కు తప్పనిసరై వెళ్లి, తిరిగి వస్తున్నాం. ఆటోలో మేమిద్దరమే. నాట్లు వేయడానికి పొలాలన్నీ నీళ్లు పెట్టి ఉన్నాయి. నీళ్లు మెరుస్తున్నాయనుకున్నాను. కండ్లు మూసుకున్నా మెరుపు పోలేదు. సంచిలో వెతికితే గోలీలు లేవు, ఇంట్లోనే మరిచాను.

"బావా, ఆటో ఆపు."

కాలువ గట్టున తుమ్మచెట్టు నీడలో ఆపాడు. వాంతి అయింది. వెనక సీటు మీద ముడుచుకుని పడుకున్నాను. ఆయన పరదాలు దించాడు, తువ్వాల కాలువలో ముంచి పిండి నా కండ్ల మీద వేశాడు. ఇంటికి పోయే ఓపిక లేదు, ఒక్క కుదుపు కూడా తట్టుకోలేను.

"తగ్గిందా?" అన్నాడు.

"గట్ల అడగకు బావా. ఏమన్న మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. నీ కండ్లకేం కనవడ్తున్నదో గదే చెప్పు."

ఆయనకు మాటలు తక్కువ. అయినా మెల్లగా మొదలుపెట్టాడు.

"కాల్వల నీళ్లు మస్తుగున్నయి. అవుతల గట్టు మీద కొంగున్నది. ఒంటికాలి మీద నిలవడ్డది." అంతలోనే, "చెప్పు ఒకటి కొట్టుకపోతుంది. నీలిది. ఆడోళ్లది."

"రెండోది?"

"వస్తదేమోనని చూస్తున్న."

నవ్వొచ్చింది. నవ్వితే తల పగిలిపోయింది, అయినా నవ్వాను. అప్పుడు గమనించాను. నొప్పి ఉంది, మొత్తం ఉంది, ఆవగింజంత కూడా తగ్గలేదు. కానీ ఎప్పుడూ దానితో వచ్చేది ఏదో ఇవాళ రాలేదు. నాకే ఎందుకు, ఎప్పుడు పోతుంది, రేపు ఇవ్వాల్సిన జాకెట్లు ఏం గాను, అత్తమ్మ ఏమనుకుంటుంది అనే ఆ గొడవంతా లేదు. పిడికిళ్లు కూడా విప్పుకుని ఉన్నాయి. మా దిక్కు పన్ను నొస్తే నొప్పి అంటాం. మనిషి లోపల్లోపల నలిగిపోతుంటే గోస పడుతున్నడంటాం. ఇన్నేండ్లు రెండింటినీ ఒకటే అనుకుని మోశాను.

బావకు ఏం తోచిందో, ఈసారి ఇంకో తీరుగా అడిగాడు.

"గిప్పుడు ఏడున్నది?"

"కన్ను ఎనక."

"ఎంతున్నది?"

"రేగుపండంత."

కాసేపటికి మళ్లీ అడిగాడు. మెడ దిక్కు కదులుతున్నదన్నాను. "పోనీ, పోనీ," అన్నాడు, ఎవరికో దారి ఇస్తున్నట్టు.

నిద్రో మెలకువో తెలియని చోటికి జారాను. నీళ్లలో నడుస్తున్నాను, తల తడవడం లేదు, ఊపిరి ఆడుతుంది. నొప్పి అవతలి గట్టు మీద నిలబడి నన్ను పిలుస్తుంది. నేను పలకలేదు. పలకాలని కూడా అనిపించలేదు. లేచేసరికి పొద్దు వాలింది. బావ కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు. నేను వింటున్నానో లేదో చూడకుండానే ఇంకా చెప్తున్నాడు, "ట్రాక్టర్ పోతుంది... కొంగ లేచింది... మళ్ల వాలింది..."

అప్పటినుంచి ఇంట్లో కూడా అట్లే చేసుకుంటున్నాం. ఆయన లేనప్పుడు నాకు నేనే చెప్పుకుంటాను: ఇగో ఇక్కడుంది, ఇంతుంది, వేడిగా ఉంది. చచ్చిపోతున్న అనకుండా, తల నొస్తుంది అంటాను. ప్రతిసారీ కుదరదు. కొన్ని రోజులు రెండూ కలిసే వచ్చి నన్ను గోడకు ఒత్తేస్తాయి, ఏడుస్తాను. డాక్టర్‌కు చెప్తే శ్రద్ధగా విన్నాడు. "మంచిదేనమ్మా. గోలీ మాత్రం మానకు, మొదలుకాంగనే వేసుకో. ఇది దానికి తోడనుకో," అన్నాడు.

మొన్న ఎండాకాలం చెల్లె పెండ్లికి బావతో బీర్కూర్ పోయాను. తలంబ్రాల వేళ చెల్లె ముఖంలో సగం మాయమైంది. ముక్కుపుడక ఒక్కటే వెలుగుతూ మిగిలింది. భయపడటానికి ముందే ఆ వెలుగును చూస్తూ నిలబడిపోయాను. గోలీ వేసుకుని, సామాన్ల గదిలో చాప మీద పడుకున్నాను. బయట బ్యాండు మోగుతుంది. మా చిన్న మేనత్త వచ్చి నా నుదురు ముట్టింది.

"ఎంత గోస పడుతున్నవు బిడ్డా!"

"గోస లేదత్తా. నొప్పే ఉన్నది."

నేను కలవరిస్తున్నాననుకుందేమో, పోయి నిమ్మకాయ తెచ్చి చేతిలో పెట్టింది. అది వాసన చూస్తూనే నిద్రపోయాను.

లేచి బయటికొస్తే పెండ్లి హాల్ ఖాళీ. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. నొప్పి పోయాక ఒళ్లు గాలికంటే తేలికగా ఉంటుంది, నేలమీద పడిన బంతిరేకులు కూడా కొత్తగా కనిపిస్తాయి. చెల్లె కారెక్కి వెళ్లిపోయిందట. పోయేముందు గదిలోకి వచ్చి, నా కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, "లేపకుర్రి" అని చెప్పిందట. బావ మూత పెట్టి ఉంచిన పళ్లెం తెచ్చాడు. చల్లారిన బగారన్నం, గడ్డ కట్టిన కూర. ఇద్దరం మెట్ల మీద కూర్చుని తిన్నాం.