ఖలాస్ అనకూడని మైకు

కువైట్ ముందున్న సముద్రం చూడ్డానికే పెద్దది, లోతు అడిగితే మొహం చాటేస్తుంది. అసలైన లోతు కావాలంటే హోర్ముజ్ జలసంధి దాటి ఒమన్ సముద్రంలోకి వెళ్లాల్సిందే. కువైట్‌లోని మా కాలేజీ విద్యార్థులను శాస్త్రవేత్తల పరిశోధన ఓడలో అక్కడికి తీసుకెళ్లిన జీవశాస్త్రం లెక్చరర్ని నేను.

పని ఇది. తీగ చివర ఇనుప గొట్టం కట్టి సముద్రం అడుగుకు దింపాలి. అది బురదలో దిగబడ్డాక పైకి లాగాలి. గదిలో, గొట్టం ఎంత లోతుకు దిగిందో చూపే తెర చూసేవాళ్లు మైకులో చెబితే, డెక్ మీద యంత్రం దగ్గరున్న కోనసీమ అతను తీగను నడుపుతాడు. తెర ముందు మా కడప అమ్మాయి కూర్చుంది. ఆ బురదలోని సూక్ష్మజీవుల మీదే ఆ పిల్ల ప్రాజెక్టంతా.

గొట్టం అడుగు తాకకముందే తెర ఒక్క క్షణం నల్లబడింది. పిల్ల మైకు ముందే నెత్తిన చెయ్యి పెట్టుకుని "ఖలాస్!" అంది. తెర వెంటనే వెలిగింది గానీ, తీగ అప్పటికే పైకి వస్తోంది. గొట్టం నిండా ఉప్పునీళ్లు.

"ఎవురు లాగమన్యార్నా నిన్ను?" మైకులోనే అరిచింది పిల్ల.

"నువ్వే కదమ్మా ఖలాస్ అన్నావు! పనైపోయిందనుకుని లాగేసేనండి."

"అంతా పాయెనని ఏడుస్తాంటి గదన్నా నేను!"

ఇద్దరిదీ తప్పు కాదు. కువైట్‌లో పని ముగిసినా ఖలాసే, కొంప మునిగినా ఖలాసే.

హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద శాస్త్రవేత్త నా వైపు తిరిగారు. "మేడమ్, ఇంకొక్కసారి దింపడానికే టైముంది. మీ అమ్మాయిని లేపండి. పిల్లలు చూస్తే చాలు."

"చూడ్డానికైతే కువైట్ అహ్మదిలో మా ఇంట్లో టీవీ ఉంది సార్. ఓడెందుకు?"

"మైకులో అట్లనేనా మాట్లాడేది?"

"పొద్దున్నుంచీ మీరు యల్లా యల్లా అంటున్నారు. అది దింపమనా, లాగమనా?"

మైకులోంచి యంత్రం అతను అందుకున్నాడు. "నాకూ తెలీదండి. ఏది చేస్తంటే అదే తొందరగా చేసేస్తన్నానండి."

నేను వదల్లేదు. మైకులో ఇక మూడే మాటలన్నాను: దింపు, ఆపు, లాగు. చెప్పేది మా పిల్లే. గొట్టం ఖాళీగా వస్తే మాట పడేది నేను, నిండుగా వస్తే ఆ బురద మొదట తీసేది ఆ పిల్ల. ఆయన విసుగ్గా తలూపారు.

"దింపన్నా."

తీగ దిగుతూనే ఉంది. మధ్యలో తెర మళ్లీ నల్లబడింది. పిల్ల అరచేత్తో నోరు మూసుకుంది. తెర వెలిగింది. చెయ్యి తీసింది. గొట్టం బురదలో దిగబడగానే "ఆపు" అంది. ఆ తర్వాత "లాగు."

ఎంతసేపటికో డెక్ మీంచి కేక వచ్చింది. "నిండా వచ్చేసిందండీ!"

పెద్దాయన పిల్ల చేతిలోని మైకు లాక్కుని "ఖలాస్!" అని అరిచారు.

"ఏ ఖలాసండీ?"

"మంచి ఖలాసేన్నా!" పిల్ల పగలబడి నవ్వింది.

డెక్ మీద ఆకుపచ్చ బూడిద రంగు బురద వేళ్లు కొరికేంత చల్లగా ఉంది. మొదటి ముద్ద మా పిల్లే తీసింది. చూస్తే చాలన్నారు కదా, ఆయన పక్కన నిలబడి చూశారు.